టేకు దర్వాజ పక్కన ఏ గోడ రంగు?

షేడ్ కార్డులో చూసినప్పుడు హాయిగా ఉన్న రంగు, గోడకు వేశాక ముదురుగా కొడుతుంది. దుకాణంలో రంగు తప్పుగా కలిపారని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు డబ్బాలో తప్పేమీ ఉండదు. కార్డు మీద ముక్క రెండు వేళ్ల వెడల్పు, గోడ నూరు చదరపు అడుగుల పైమాట. నాలుగు గోడలకూ ఒకే రంగు వేస్తే వెలుతురు ఒక గోడను తాకి ఎదుటి గోడకు, అక్కడి నుంచి మళ్లీ ఇటు వస్తుంది. తాకిన ప్రతిసారీ మిగతా రంగుల కాంతి కొంత గోడలో ఇంకిపోతుంది, ఆ గోడ రంగు కాంతే ఎక్కువగా తిరిగి వస్తుంది. లేత పసుపు అనుకున్నది నిమ్మపండు పసుపుగా తేలేది అందుకే. గదంతా ఒకే రంగు వేసేటట్లయితే కార్డులో నచ్చిన ముక్క కన్నా ఒకటి రెండు మెట్లు లేతది తీసుకోండి.

అసలు గోడ రంగుతో మొదలుపెట్టడమే తలకిందుల పని. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఇంట్లో మార్చలేనివి రెండు: కింద పరిచిన బండ, దర్వాజకు, తలుపులకు, మంచాలకు వాడిన కర్ర. ముందు వాటిని చూడాలి, తర్వాత గదిలోకి వచ్చే వెలుతురును చూడాలి. గోడ రంగు అన్నిటికన్నా చివర తేల్చాల్సిన విషయం.

పాలిష్ పెట్టిన టేకును మనం గోధుమరంగు అంటాం. కాంతి లెక్కలో గోధుమరంగు వేరే రంగేమీ కాదు, చుట్టుపక్కల కన్నా మసకగా ఉన్న నారింజే. కాబట్టి టేకు అందం పక్కనున్న గోడను బట్టి మారుతుంది. ఈ సంగతిని పద్ధతిగా తేల్చినవాడు ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్. పారిస్‌లోని గోబెలా నేత కార్ఖానాలో అద్దకం పనులకు ఆయనే పెద్ద. నలుపు దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వస్తే పరీక్షించి, లోపం అద్దకంలో లేదని, పక్కన నేసిన రంగుల వల్ల కంటికి అలా కనబడుతోందని తేల్చాడు. 1839లో ఆ సూత్రాన్ని ప్రచురించాడు. ఏ రంగైనా తన పక్కనున్న రంగును తనకు ఎదురు రంగు వైపు నెడుతుంది.

దీన్ని ఇంటికి అన్వయిస్తే దారి తేలికవుతుంది. నారింజకు ఎదురు నీలం వైపు రంగులు. లేత నీలిపచ్చ, బూడిద కలిసిన లేత ఆకుపచ్చ గోడ పక్కన టేకు దర్వాజ నిండుగా, ఎర్రగా కనబడుతుంది. అదే దర్వాజ పీచు రంగు, ముదురు క్రీమ్ గోడ పక్కన చప్పబడుతుంది. అయితే ఆ చప్పదనం కొన్నిచోట్ల మేలే చేస్తుంది. తాతల నాటి టేకు మంచం, వేపకర్ర తలుపులు, ప్లైవుడ్ అల్మారా ఒకే గదిలో ఉంటే క్రీమ్ గోడ వాటి మధ్య తేడాలను కప్పిపెడుతుంది. మంచి టేకు మీద గోధుమరంగు ఎనామిల్ కొట్టడం మాత్రం ఆ కర్రకు అన్యాయం. టేకుకు పాలిష్ పెట్టండి. ఎనామిల్‌ను వేపకు, తుమ్మకు, ప్లైవుడ్‌కు ఉంచండి.

బండ కూడా గోడకు రంగు పులుముతుంది. ఎర్ర ఆక్సైడ్ గచ్చు మీద ఎండ పడే గదిలో తెల్లటి స్లాబ్ గులాబీ ఛాయగా కనబడుతుంది. నీలిబూడిద షాబాదు బండలున్న గదిలో బూడిద రంగు గోడ ఇంకా చల్లబడి మబ్బు పట్టినట్టుంటుంది. అక్కడ చిటికెడు పసుపో ఎరుపో కలిసిన తెలుపు నయం.

ఇక వెలుతురు. మనం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. మే మొదటి పది రోజులు దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. మిగతా కాలమంతా దక్షిణంగానే ఉంటాడు. అందువల్ల ఉత్తరం కిటికీ గదికి ఏడాదిలో ఎక్కువ కాలం నేరుగా ఎండ రాదు, ఆకాశపు నీలి వెలుతురే వస్తుంది. ఆ గదికి వెచ్చని క్రీమ్ నప్పుతుంది. పడమటి గదికి సాయంత్రం పసుపు, నారింజ కాంతి దండిగా వస్తుంది. అక్కడ పీచు, నారింజ వేస్తే ఏప్రిల్‌లో నాలుగు దాటాక గది మండుతున్నట్టే ఉంటుంది, లేత ఆకుపచ్చ వేయండి. కిటికీ లేని చీకటి అర్రకు తెల్లరంగు వేస్తే వెలుగొస్తుందన్న ఆశ సగమే నిజం. తెల్లగోడ తన మీద పడ్డ వెలుతురులో నూటికి ఎనభై పాళ్లు తిరిగి ఇస్తుంది. పడేదే కొంచెమైతే ఆ తెలుపు బూడిదగానే కనబడుతుంది. ముందు అక్కడికి దీపం తేవాలి.

రాత్రి రంగును బల్బు నిర్ణయిస్తుంది. డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటే నీలి ఛాయ తెలుపు, 2700 నుంచి 3000 అని ఉంటే పసుపు వెలుగు. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అన్న అంకె 90 దాటిన బల్బు కింద కర్ర రంగు పగటి రంగుకు దగ్గరగా ఉంటుంది, 80 ఉన్నదాని కింద ఎరుపు కాస్త చచ్చిపోతుంది. రెండు కంపెనీల కాఫీ రంగులు దుకాణం లైటు కింద ఒకేలా ఉండి ఇంట్లో వేరుపడటానికీ వెలుతురే కారణం. వాటిలో కలిపిన పొడులు వేరు. ఒక కాంతిలో కలిసినవి ఇంకో కాంతిలో కలవాలని లేదు.

కాబట్టి లీటరు కొనేముందు చిన్న డబ్బా తెచ్చి రెండు అడుగుల అట్ట మీద ప్రైమర్ ఒక చేయి (కోటు), రంగు రెండు చేతులు వేయండి. చుట్టూ రెండు అంగుళాలు తెలుపు వదిలితే పాత గోడ రంగు కంటిని మోసం చేయదు. అట్టను నేల మీద పరచకుండా దర్వాజ పక్కన నిలబెట్టి, పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం, సాయంత్రం అయిదుకు, రాత్రి దీపాల కింద చూడండి. తడి మీద తీర్పు చెప్పొద్దు. నీటితో కలిపే గోడ రంగు, అంటే ఎమల్షన్, తడిగా ఉన్నప్పుడు అందులోని ప్లాస్టిక్ రేణువులు కాంతిని చెదరగొట్టి పాలతెలుపు కలుపుతాయి, ఆరాక అవి పారదర్శకమైన పొర అవుతాయి, రంగు ముదురుతుంది. సున్నం దీనికి పూర్తిగా ఎదురు. తడిలో సున్నపు రేణువుల మధ్య నీళ్లుంటాయి, కాంతి పెద్దగా చెదరదు, కింది గోడ కనబడుతుంది. నీళ్లు పోయి గాలి చేరాకే తెల్లగా తేలుతుంది.

సున్నపు గోడల కాలంలో మనవాళ్లు ఎంచుకున్న రంగులు రసాయనికంగా గట్టివి. జాజులో ఉండేది ఐరన్ ఆక్సైడ్, అది ఎండకూ వెలిసిపోదు, సున్నానికీ మారదు. బట్టలకు పెట్టే నీలిమందులోని అల్ట్రామెరైన్ అనే నీలి పొడి కూడా సున్నానికి తట్టుకుంటుంది, సున్నంలోని పసుపు ఛాయను చంపి ఇంకా తెల్లగా చూపిస్తుంది. వంటింటి పసుపు మాత్రం సున్నం తగిలితే ఎర్రబడుతుంది, ఎండకు వెలిసిపోతుంది. కొత్త సిమెంటు గోడకూ సున్నానికి ఉన్నంతటి క్షారగుణం ఉంటుంది. ప్లాస్టరింగు అయ్యాక కనీసం 28 రోజులు ఆగి, పూర్తిగా ఆరిందని చూసుకుని, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేశాకే రంగు జోలికి వెళ్లాలి. తొందరపడితే కొన్ని గులాబీ, వంకాయ రంగులు మచ్చలుగా వెలిసిపోతాయి. నూనె రంగయితే క్షారంతో కలిసి సబ్బుగా మారి జిగటగా ఊడుతుంది.

కర్ర పనిలో రంగు కన్నా కింది పొరే ముఖ్యం. నార వెంట 120 నంబరు సాండ్ పేపర్, తర్వాత 180 తిప్పి, దుమ్ము తుడిచి, ముడుల మీద లక్క పాలిష్ ఒక చేయి వేయాలి. ముడుల్లోని జిగురు ఊరి, నల్లతుమ్మలో దండిగా ఉండే టానిన్ అనే వగరు పదార్థం నీటి రంగులో కరిగి, తెల్ల పెయింటు మీద గోధుమ మచ్చలుగా పైకి తేలతాయి. ఇనుప మేకు ఉన్నచోట అదే టానిన్ నల్లబడుతుంది. తర్వాత ప్రైమర్, లప్పం, 220తో రుద్దడం, పలుచగా రెండు చేతుల ఎనామిల్. మెరుపు, ముదురు రంగు రెండూ కలిస్తే చిన్న గీత కూడా దాగదు. లప్పం పని సరిగ్గా లేని తలుపుకు సాటిన్ (సగం మెరుపు) ముగింపు నయం. అల్మారా లోపల నూనె తెలుపు వేయకండి, చీకట్లో అది పసుపెక్కుతుంది. నీటితో కలిపే ఎనామిల్‌కు ఆ జబ్బు లేదు.

ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు గడపలకు, తలుపులకు వేసిన పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా రుద్దొద్దు, నిప్పుతో కాల్చొద్దు. తడిపి రుద్దండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, తడి గుడ్డతో ఊడ్చిన పొడిని మూట కట్టి పారేయండి.

లెక్కకు వస్తే పన్నెండు అడుగుల చదరపు గది, పది అడుగుల ఎత్తు అనుకుంటే గోడలు 480 చదరపు అడుగులు. తలుపు, కిటికీలు తీసేస్తే సుమారు 430. లీటరు ఎమల్షన్ నున్నటి గోడ మీద రెండు చేతులకు 60 నుంచి 70 చదరపు అడుగులు వస్తుంది, అంటే సుమారు ఆరు నుంచి ఏడు లీటర్లు. అంతా ఒకేసారి కలిపించి, డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్లో పోసి కలపండి, డబ్బాకూ డబ్బాకూ ఉండే సన్నటి తేడా పోతుంది. మిగిలింది షేడ్ నంబరు రాసి మూత బిగించి దాచండి. తర్వాత మచ్చ పడితే అక్కడొక్కచోట పూస్తే అతుకు కనబడుతుంది, మూల నుంచి మూలకు ఆ గోడంతా వేయాల్సిందే.