గిటారు రిపేరు: అపోహలు - వాస్తవాలు

ఎక్కడో బాగుచేయించి, ముందుకన్నా పాడైందని గిటారును మా బల్ల మీదికి తెచ్చేవారి నోట కొన్ని నమ్మకాలు తరచుగా వినిపిస్తాయి. వాటిలో సగం షాపులు నాటినవే.

అపోహ: తీగ బరబరలాడితే ట్రస్ రాడ్ తిప్పాలి.

వాస్తవం: నెక్ (గిటారు మెడ) లోపలి ఆ ఉక్కు కడ్డీ పని ఒక్కటే, తీగల లాగుడుకు నెక్ ఎంత వంగాలో అదుపు చేయడం. స్టీలు తీగల అకూస్టిక్ గిటారులో ఆ లాగుడు సుమారు 70 కిలోలు. తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర, నెక్ బాడీలో కలిసేచోట నొక్కిపట్టి ఏడో ఫ్రెట్ దగ్గర చూడండి. తీగకూ ఫ్రెట్‌కూ మధ్య పావు మిల్లీమీటరు అటూఇటూగా సందు ఉంటే రాడ్ జోలికి పోనక్కర్లేదు. ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటినప్పుడే మోత వస్తే నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) గాడి లోతెక్కువై ఉండవచ్చు. ఒకే చోట వస్తే పక్క ఫ్రెట్ లేచిందేమో చూడాలి. గిటారు అందుకోగానే ఏమీ కొలవకుండా రాడ్ తిప్పే ఆలెన్ కీ తీసే మనిషి చేతిలోంచి దాన్ని మర్యాదగా వెనక్కి తీసుకోండి.

అపోహ: తల (తీగలు బిగించే కీలు ఉండే కొస) విరిగితే గిటారు పని అయిపోయినట్లే.

వాస్తవం: గిబ్సన్ తరహా గిటార్లలో తల వెనక్కి వాలి ఉంటుంది. పైగా ట్రస్ రాడ్‌ను బిగించే మర కోసం సరిగ్గా అక్కడే చెక్క తొలిచేస్తారు. కింద పడితే విరిగేదీ అక్కడే. పగులు పొడవుగా, శుభ్రంగా ఉంటే మంచి చెక్క జిగురు పట్టించి క్లాంపులు బిగిస్తే అతుకు బలంగా నిలుస్తుంది. మాకు తలనొప్పి పగులు కాదు, మా దగ్గరికి రాకముందే ఎవరో అందులో పోసిన సూపర్ గ్లూ. అది నారల్లో ఇంకి గట్టిపడ్డాక కొత్త జిగురుకు చెక్క అందదు. తీగలు వదులు చేసి, రాలిన పెచ్చులను సైతం కాగితంలో చుట్టి తెండి.

అపోహ: తీగలు ఎత్తుగా ఉంటే సాడిల్ (బాడీ మీద తీగలు ఆనే సన్నని పట్టీ) అరగదీస్తే సరి.

వాస్తవం: దిగుతాయి, కొంతకాలం. విశాఖ తేమకు పైచెక్క ఉబ్బి తీగలు లేస్తాయి. అదే గిటారు రోహిణి కార్తెలో హైదరాబాదు చేరితే ఎండి, పైచెక్క కుంగి, ఫ్రెట్ల కొసలు చేతికి గుచ్చుకుంటాయి. వానల్లో అరగదీసిన సాడిల్ వేసవిలో మోత మొదలుపెడుతుంది. అందుకే తెలిసినవారు కొత్త సాడిల్ చెక్కి, పాతదాన్ని మీకే ఇస్తారు. అది అడిగి తీసుకోవడం మీ హక్కు.

అపోహ: శ్రుతి నిలవకపోతే కీలు మార్చాలి.

వాస్తవం: చాలాసార్లు తీగ నట్ గాడిలో పట్టేస్తుంది. పెన్సిల్ ముల్లు పొడి రాసి చూడండి. కొత్త కీలు అమ్మడం షాపుకు లాభం, అంతే.

అపోహ: నైలాన్ గిటారుకు స్టీలు తీగలు వేస్తే శబ్దం పెరుగుతుంది.

వాస్తవం: లాగుడు పెరుగుతుంది. సుమారు 40 కిలోలకు కట్టిన బ్రిడ్జి (బాడీ మీద తీగలు కట్టే చెక్క దిమ్మ) ఊడి రావచ్చు.

అపోహ: గంటలో చేసిచ్చేవాడే నిపుణుడు.

వాస్తవం: తీగలు మార్చి సెటప్ చేయడం (తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయడం) ఒక పూట పని. ఊడిన బ్రిడ్జి అతికితే మాత్రం జిగురు పూర్తిగా ఆరడానికి ఒక రోజైనా ఆగాకే తీగలు బిగించాలి. సాయంత్రానికి ఇచ్చేస్తామంటే ఆ పని ఇంకోచోట చేయించుకోండి.