పెచ్చులు ఊడితే ఖర్చెవరిది? ఉత్తర చెన్నై బోర్డు ఇళ్ళ గొడవ వెనక కథ

వానలు మొదలైతే చాలు, ఉత్తర చెన్నైలో బోర్డు ఇళ్ళ రిపేరు గొడవ మళ్ళీ పైకొస్తుంది. వ్యాసర్‌పాడి, పులియంతోపు వైపు ఈ ఇళ్ళలో ఉండేవాళ్ళలో తరాల కిందట ఆంధ్రా నుంచి వచ్చి పారిశుద్ధ్య పనుల్లో కుదురుకున్న మనవాళ్ళూ ఉన్నారు, కాబట్టి ఇది మనకు పరాయి వార్త కాదు. ఈ ఇళ్ళు కట్టించిన కుడిసై మాట్రు వారియం, అంటే తమిళనాడు మురికివాడల నిర్మూలన బోర్డు, 1970లో ఎలా పుట్టిందో, 2021లో పేరెందుకు మార్చారో అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా. నా లెక్కలో అసలు మలుపు 1977.

ఆ ఏడాది ప్రపంచ బ్యాంకు అప్పుతో మద్రాసు పట్టణాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. అరుంబాక్కం, విల్లివాక్కం, కొడుంగయ్యూరుల్లో స్థలాలిచ్చి ఇల్లు కట్టుకోమన్నారు, పెట్టిన డబ్బు మాత్రం లబ్ధిదారుల నుంచి వాయిదాల్లో వెనక్కి రావాలన్నారు. పేదవాడు అద్దెకుండటం కాదు, సొంతదారు కావాలన్న ఆలోచన అప్పుడే గట్టిపడింది. వినడానికి బాగానే ఉంది. కానీ అద్దెకున్నంత కాలం కప్పు కారితే అడగడానికి ఒక ఓనరు ఉంటాడు, పత్రం చేతికొచ్చాక ఆ ఓనరు మనమే. వాయిదా ఎంతో రాసుకున్నారు గానీ పాతికేళ్ళకు శ్లాబు పాడైతే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి రావాలో ఎవరూ ఆలోచించలేదు.

పోయిన వానల్లో అలా సొంతమైన ఒక బోర్డు బ్లాకులో మూడో అంతస్తు ఇంటికి వెళ్ళాను. వంటింటి మూల పెచ్చు ఊడి చువ్వలు బయటపడ్డాయి, ముట్టుకుంటే తుప్పు పొరలు పొరలుగా చేతికొస్తోంది. ఆ ఇంటి అత్త పొయ్యికి పైన పాత ఫ్లెక్సీ ఒకటి కట్టి దాని కిందే వండుతోంది. "పూత పూస్తే ఆర్నెల్లు ఆగుద్దంటాడు మేస్త్రీ. చువ్వలు మార్చాలంటే పై ఇంటోళ్ళు కూడా సగం వేసుకోవాలంట, వాళ్ళేమో అద్దెకున్నారు, ఓనరు ఫోనే ఎత్తడు" అంది.

2021 డిసెంబరు 27న తిరువొత్తియూరు అరివాక్కుళంలో 1993లో కట్టిన బ్లాకు ఒకటి కూలింది, 24 ఇళ్ళు. బీటలు ముందే గమనించి అందరూ బయటికొచ్చేయబట్టి ప్రాణాలు దక్కాయి. కుటుంబానికి లక్ష రూపాయలు, వేరే ఇల్లు ప్రకటించారు. కూలాక లక్ష వచ్చింది సరే, కూలకముందు అందులో సగం వచ్చే దారి ఉందా అని ఆ రోజు నుంచి జనం అడుగుతూనే ఉన్నారు.

అదే ఏడాది 'నమ్ కుడియిరుప్పు నమ్ పొరుప్పు' (మన నివాసం మన బాధ్యత) అనే పథకం తెచ్చారు. నివాసుల సంఘం ఎంత మెయింటెనెన్స్ వసూలు చేస్తే ప్రభుత్వం అంత కలుపుతుంది. అంటే సాయం కావాలంటే ముందు మన చేతిలో డబ్బుండాలి. సగం మంది కట్టలేని బ్లాకుకు సాయం కూడా సగమే, నిజానికి ఎక్కువ పాడైన బ్లాకులు అవే. నివాసులకు ఇల్లు అమ్మేశాక లోపలి రిపేరు మా బాధ్యత కాదు, వాయిదాలే చాలామంది బాకీ ఉన్నారన్నది అధికారుల వాదన, అందులోనూ కొంత నిజం ఉంది.

బ్యాంకుకు వెళ్దామంటే పత్రం ఎవరి పేరున ఉందన్నది మొదటి ప్రశ్న, చేతులు మారిన ఇళ్ళకు అది ఉండదు. రిపేరు లోను వడ్డీ మీద పాత పన్ను పద్ధతిలో ఏడాదికి 30,000 దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది గానీ పన్నే కట్టనంత తక్కువ జీతం వాళ్ళకు దాంతో ఏం పని?

ఇప్పుడు మరీ పాడైన బ్లాకుల్ని పడగొట్టి కొత్తవి కడుతున్నారు. ఖాళీ చేసిన కుటుంబానికి ఇచ్చే 8,000ను 24,000 చేశారు, మంచిదే, కానీ కట్టడం పూర్తయ్యేదాకా చెన్నైలో అద్దెకు అది ఎన్ని నెలలు వస్తుంది? దానికి తోడు కొత్త ఇంటికి లబ్ధిదారు వాటా కట్టమంటారు. గొడవ రగిలేది ఇక్కడే. ఒకసారి కొనుక్కున్న ఇంటికి మళ్ళీ డబ్బెందుకన్నది నివాసుల మాట, నాకూ అది న్యాయంగానే కనిపిస్తుంది. 2024లో తమిళనాడు ప్రభుత్వమే పల్లెల్లో 2001కి ముందు కట్టించిన పాత ఇళ్ళు రెండున్నర లక్షల దాకా బాగుచేయడానికి 2,000 కోట్లు ప్రకటించింది. 1993లో నగరంలో కట్టిన ఇంటికి అలాంటి పద్దు ఎందుకు లేదో ఆ అత్తకు ఇంకా ఎవరూ చెప్పలేదు.