వందలో ఒక కేళీ

వరి విత్తనం పండించే రైతుకు కేళీలంటే తెలుసు. వేసిన రకం కాకుండా మడిలో అక్కడక్కడా తలెత్తే వేరే మొక్కలవి. వెయ్యి గింజలకొక కేళీ ఉన్న గాదెలోంచి వంద గింజలు తీసి కొత్త మడిలో చల్లామనుకోండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ వందలో కేళీయే ఉండదు. పదోసారి ఒకటి పడుతుంది. పడిందా, వెయ్యికొకటి కాస్తా వందకొకటి అయిపోతుంది. బయటి విత్తనం కలపకుండా ఆ మడిలో పండినవన్నీ ఏటా మళ్లీ చల్లుతూ పోతే, వందకొకటి అన్న లెక్క దాదాపు అలాగే నిలిచిపోతుంది.

స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో జరిగింది ఇదే. అక్కడి మూలాలున్నవారిలో సుమారు వందకొకరికి, డీఎన్ఏ మరమ్మతుకు కావాల్సిన ఒక ప్రొటీన్‌ను తయారుచేసే బీఆర్‌సీఏ1 జన్యువులో అచ్చం ఒకే మార్పు ఉందని అబెర్డీన్, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2023లో వెల్లడించారు. ఆ మార్పు ఉన్నవాళ్ల వంశవృక్షాలు చాలావరకు వెస్ట్రే దగ్గర కలిశాయి. ఇప్పుడు 600 మంది దాకా ఉండే దీవి అది. జన్యువులో 5207వ అక్షరం టీ పోయి సీ వచ్చింది. దాంతో ప్రొటీన్‌లో 1736వ చోట వాలీన్ అనే అమైనో ఆమ్లానికి బదులు అలనీన్ చేరింది. తెగిన డీఎన్ఏ దగ్గర మరమ్మతు ప్రొటీన్లను పట్టి ఉంచే కొక్కెం సరిగ్గా అక్కడే ఉంది. పట్టు వదిలితే తెగిన కొసలు తప్పుగా అతుక్కుంటాయి. ఆ తప్పులే పోగుపడి రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు దారితీస్తాయి.

ఇన్ని తరాల్లో ఈ కేళీని ప్రకృతి ఏరిపారేయలేదేం? వరి ఈనేటప్పుడు తేడా కనిపిస్తే పీకేస్తాం. కోతయ్యాక బయటపడేదాన్ని ఎవరు పీకగలరు? ఈ క్యాన్సర్లు ఎక్కువగా పిల్లలు పుట్టేశాకే వస్తాయి. పైగా దీన్ని మోసేవారిలో సగం మగవాళ్లు, వాళ్లకు ముప్పు తక్కువ. తండ్రి నుంచి సంక్రమించిన అమ్మాయికి ‘మా ఇంట్లో ఎవరికీ లేదు’ అనే అనిపిస్తుంది. అందుకే కుటుంబ చరిత్ర చూసి పరీక్ష చేసే పద్ధతి ఇక్కడ చాలదు. వెస్ట్రేలో పుట్టిన తాతయ్యో అమ్మమ్మో నానమ్మో ఒక్కరున్నా పరీక్ష చేయాలని అక్కడ తీసుకున్న నిర్ణయం సరైనదే.

ఇలాంటి పరీక్షకు రెండు మిల్లీలీటర్ల ఉమ్మి చాలు. అరగంట ముందునుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. గొట్టంలో గీత వరకూ ద్రవమే రావాలి, నురగ లెక్కలోకి రాదు. చిక్కల్లా ఫలితం చదవడంలో ఉంది. ఆ ఒక్క అక్షరమే చూసిన పరీక్షలో ‘లేదు’ అని వస్తే ఆ మార్పు లేదనే అర్థం, జన్యువంతా బాగుందని కాదు. ఇంట్లో క్యాన్సర్లుంటే జన్యువు మొత్తం చదివించాలి. ‘ఉంది’ అని వస్తే ఒక్కో బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. స్త్రీలకు ఏటా రొమ్ము ఎంఆర్‌ఐ తీస్తారు. అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టే నమ్మకమైన పరీక్ష లేదు కాబట్టి, పిల్లలు పుట్టాక అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు తీసేయమని సలహా ఇస్తారు.

దీన్ని మేనరికాల మీదకో, ఏ పూర్వీకుల పాపం మీదకో నెట్టడం తప్పు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే జన్యువు ప్రతుల్లో ఇక్కడ ఒక్కటి చెడినా ముప్పే. రెండు ప్రతులూ చెడాల్సిన కేళీలు వేరే ఉన్నాయి. వాటికి జనాన్ని వేరుచేసే సముద్రం కూడా అక్కర్లేదు, తరతరాలుగా కులంలోపలే పెళ్లిళ్లు జరిగితే చాలు. మన వైశ్యుల్లో కొందరికి బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్ దాదాపు ఉండదు. రోజువారీ జీవితంలో ఆ లోపం జాడే తెలియదు. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఆ ఎంజైమ్ వల్ల పది నిమిషాల్లో విరిగిపోవాల్సింది, వీళ్లలో గంటలు నిలుస్తుంది. అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీద ఉంచాలి. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. రక్తపరీక్షలో ఎంజైమ్ స్థాయి తెలుస్తుంది, అవసరమైతే రోక్యురోనియం వంటి వేరే మందు వాడతారు.