కొండ మీద కుళాయి: ఏజెన్సీ పంచాయతీ పనుల్లో అపోహలు - వాస్తవాలు

పాడేరు ఏజెన్సీలో గ్రావిటీ నీటి స్కీములు (కొండ ఊట నీళ్లు మోటారు లేకుండా వాటంతటవే కిందున్న ఊరికి దిగే పైపులైన్లు) వేయించడం, చెడిపోతే బాగుచేయించడం నా పని. మైదానం నుంచి బదిలీ మీద వచ్చే ఇంజనీర్లు, ఎన్జీవో వాళ్లు, ఒక్కోసారి మా సర్పంచులు కూడా అవే మాటలంటుంటే విని విని ఇది రాస్తున్నా.

అపోహ: సర్పంచ్, సెక్రటరీ తీర్మానం రాసి సంతకాలు పెడితే పని మొదలెట్టేయొచ్చు.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికొచ్చే మా గిరిజన ప్రాంతంలో కుదరదు. 1996 పెసా చట్టం (ఈ ప్రాంతాలకి పంచాయతీ వ్యవస్థని విస్తరించిన చట్టం) ప్రకారం పంచాయతీ ఏ పని మొదలెట్టాలన్నా ముందు గ్రామసభ ఒప్పుకోవాలి, ఖర్చయ్యాక నిధులు సరిగ్గా వాడారని సర్టిఫికెట్ ఇవ్వాల్సింది కూడా గ్రామసభే. పైగా ఆ చట్టం లెక్కలో తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు చూసుకునే చిన్న గూడెం కూడా ఊరే. పంచాయతీ ఆఫీసులో సభ పెట్టేసి, పై గూడెం వాళ్ల వేలిముద్రలు తర్వాత తెప్పించుకునే తెలివితేటలు చాలా చూశాను. ఒకచోట మేమూ అలాగే పైపు వేశాం, తప్పు నాది కూడా. ఊట పక్కనున్నది వాళ్ల దేవత చెట్టని ముందు అడిగినవాడు లేడు. మూడో వారానికి పైపు ఊడి పక్కన పడుంది. ఎవరు తీశారని అడిగే మొహం మాకు లేదు.

అపోహ: ఊట నీళ్లకి మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, కాబట్టి ఖర్చే లేదు.

అసలు టెన్షన్ అంతా ఇక్కడే. మోటారు లేకపోయినా మనిషి కావాలి. వానాకాలంలో ఊట దగ్గర కట్టిన తొట్టిలో ఆకులు, బురద చేరతాయి, జల్లెడ తీసి కడగాలి. లైను ఎత్తుపల్లాల మీదుగా పోతుంది కాబట్టి ఎత్తున్న చోట గాలి పట్టేసి నీళ్లు ఆగుతాయి, అక్కడ ఎయిర్ వాల్వు పెట్టకపోతే జనమే పైపుకి బెజ్జం పెడతారు (తిట్టకండి, గాలి పోవాలన్న లెక్క వాళ్లదే కరెక్టు). ప్రతి 10 మీటర్ల దిగుడుకీ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కేజీ పెరుగుతుంది. ఊరు ఊటకి 80 మీటర్లు కిందుంటే, రాత్రి కుళాయిలన్నీ కట్టేసినప్పుడు 6 కేజీల ఒత్తిడికే తట్టుకునే పైపు మీద 8 కేజీలు పడుతుంది, ఎన్నాళ్లు ఆగుతుంది? మధ్యలో ఒత్తిడి విరగ్గొట్టే ట్యాంకు ఒకటి కట్టి తీరాలి.

ఊట నీళ్లకి మందు అక్కర్లేదనేది దీని తమ్ముడు. ఊట పైన పశువులు మేస్తాయండీ. బ్లీచింగ్ కలిపి అరగంట ఆగాక చివరి ఇంటి కుళాయిలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, ట్యాంకు దగ్గర చూసి సరిపెట్టుకోవద్దు. మూతి విప్పి నెలల తరబడి వదిలేసిన బస్తాలో బ్లీచింగ్ ఒట్టి సున్నంతో సమానం.

అపోహ: అది ఫారెస్టు భూమి, పైపు వేయలేం.

2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(2) చదవండి. మంచినీటి పైపులు, రోడ్లు, కరెంటు లైన్లు, బడి, అంగన్‌వాడీ ఇలా 13 రకాల పనులకి దారుంది: గ్రామసభ సిఫారసు, హెక్టారులోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకుండా. ఇక్కడా గ్రామసభే.

అపోహ: గిరిజనులు నీటి డబ్బులు కట్టరు.

నెలనెలా అడిగితే కట్టరు, నెలజీతం ఎవరికుందని? కాఫీ, మిరియాలు, పసుపు అమ్ముకున్న రోజుల్లో అడిగితే ఏడాదిది ఒకేసారి ఇచ్చిన ఊళ్లున్నాయి. ఒక ఊళ్లో జమాఖర్చు ట్యాంకు గోడ మీదే సుద్దతో రాస్తారు, వాల్వు తిప్పే కుర్రాడికి అందులోంచే ఇస్తారు. ఆ కుర్రాడేమో పనికని చెన్నై వెళ్లిపోయాడు. ఇప్పుడు ఊళ్లోనే ఉండే ఇద్దరు కోడళ్లకి రెంచి పట్టడం నేర్పుతున్నాం.