శ్రీలంక తమిళుల పోరాటం, భారత్ సాయం: అపోహలు - వాస్తవాలు

అంతర్జాతీయ సంబంధాలు బోధించే నాకు శ్రీలంక పాఠం దగ్గర కొన్ని అభిప్రాయాలు తరచూ ఎదురవుతుంటాయి. మన సైనికులు వందల సంఖ్యలో ప్రాణాలు వదిలిన చోటు గురించి పొరపాటు అవగాహనతో మాట్లాడడం తగదని నా నమ్మకం.

అపోహ: సింహళీయులకు, తమిళులకు అనాదిగా పడదు.

వాస్తవం: ఈ వైరానికి తేదీలున్నాయి. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసిన చట్టం ప్రభుత్వోద్యోగాలపై ఆధారపడిన తమిళ కుటుంబాలను నేరుగా దెబ్బతీసింది. మరుసటి ఏడాది ప్రధాని బండారనాయకే తమిళ నేత చెల్వనాయకంతో ప్రాంతీయ మండళ్లపై ఒప్పందం చేసుకున్నారు గానీ, 1958లో బౌద్ధ భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించడంతో దాన్ని రద్దు చేశారు.

అపోహ: సాయుధ పోరాటాన్ని పుట్టించింది భారతదేశమే.

వాస్తవం: ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ 1976లోనే ఏర్పడింది. భారత్ పెద్దయెత్తున శిక్షణ ఇవ్వడం 1983 జులై మారణకాండ తర్వాతి మాట. అప్పుడు కొలంబోలో అల్లరిమూకలు ఓటర్ల జాబితాలు చేతబట్టుకుని తమిళుల ఇళ్లను వెతికి మరీ తగలబెట్టాయి. చిన్న దళాలకు యువకులు వెల్లువెత్తింది ఆ మంటల వల్ల. వారిని సైన్యాలుగా మార్చింది మాత్రం విదేశీ శిక్షణ, ఆయుధాలే.

అపోహ: ఆయుధమిచ్చిన దేశం చెప్పినట్టు ఉద్యమం నడుచుకుంటుంది.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. ఢిల్లీ ప్రత్యేక ఈళాన్ని, అంటే విడి తమిళ దేశాన్ని, ఎన్నడూ కోరుకోలేదు. పాశ్చాత్య దేశాల వైపు మొగ్గుతున్న శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ప్రభుత్వంపై ఒత్తిడి తేవడం, తమిళనాడులోని ఆగ్రహాన్ని చల్లార్చడం దాని లక్ష్యాలు. అందుకే ఏ ఒక్కరూ మరీ బలపడకుండా టెలో, ప్లాట్, ఈపీఆర్ఎల్ఎఫ్ వంటి అనేక తమిళ సాయుధ సంస్థలకు సాయం పంచింది. ఫలితం తలకిందులైంది: 1986లో ఎల్‌టీటీఈ, టెలోపై విరుచుకుపడి దాని నాయకుడు శ్రీ సబారత్నాన్ని చంపింది, తర్వాత మిగతా ప్రత్యర్థులనూ అణచివేసింది. తమిళ దళాలు ఆయుధాలు వదలాలంటూ 1987 జులై 29న కుదిరిన భారత్-శ్రీలంక ఒప్పందం అమలుకు వెళ్లిన మన శాంతి పరిరక్షక దళం, అక్టోబరు నాటికే ఎల్‌టీటీఈతో యుద్ధంలో చిక్కుకుంది. సుమారు 1,200 మంది జవాన్లు మరణించారు. ఆ దళాన్ని సాగనంపాలని పట్టుబట్టిన అధ్యక్షుడు ప్రేమదాస ప్రభుత్వం ఎల్‌టీటీఈకి ఆయుధాలిచ్చింది. 1990 మార్చిలో భారత సేన వెనుదిరగగా, జూన్‌కల్లా అదే ఎల్‌టీటీఈ ప్రేమదాస ప్రభుత్వంపై తుపాకీ ఎక్కుపెట్టింది. 1991లో రాజీవ్ గాంధీ, 1993లో ప్రేమదాస ఆత్మాహుతి దాడులకు బలయ్యారు.

అపోహ: ఎల్‌టీటీఈ ఓడిపోవడంతో సమస్య తీరిపోయింది.

వాస్తవం: 2009 మేలో ముగిసింది యుద్ధం మాత్రమే. 1987 ఒప్పందం ఫలితంగా వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ రాష్ట్ర మండళ్లకు ఇస్తానన్న పోలీసు, భూమి అధికారాలు యుద్ధం ముగిశాక కూడా వాటి చేతికి పూర్తిగా అందలేదు.