మాంట్‌పీలియర్‌లో తప్పిన మాటలు

వర్జీనియాలోని మాంట్‌పీలియర్ గురించి పాత ఫిర్యాదు మళ్లీ వినిపిస్తోంది. జేమ్స్ మాడిసన్ ఇల్లు చూద్దామని వెళితే బానిసల కథే ఎక్కువగా చెబుతున్నారన్నది దాని సారాంశం. అమెరికా రాజ్యాంగ రచనలో మాడిసన్ పాత్ర, ఆయన నాలుగో అధ్యక్షుడు కావడం అందరికీ తెలిసిన విషయాలే. ఈ తగవు అర్థం కావాలంటే 2022 మార్చి చూడాలి.

అంతకు తొమ్మిది నెలల ముందు, 2021 జూన్‌లో, ఎస్టేటును నడిపే మాంట్‌పీలియర్ ఫౌండేషన్ తన పాలకమండలిలో బానిసల వారసులకు సమాన స్థానం ఇస్తామని తీర్మానించింది. అది దయతో ఇచ్చే స్థానం కాదు. మాడిసన్‌ల మూడు తరాల కాలంలో ఆ నేల మీద సుమారు 300 మంది బానిసలుగా బతికారు. భవనానికి ఇటుకలు చేసింది వాళ్లే. కొన్ని ఇటుకల మీద పిల్లల వేలిముద్రలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మార్చిలో మండలి నిబంధనలు మార్చి, ప్రతినిధుల పేర్లు సూచించే హక్కును వారసుల కమిటీ చేతిలోంచి తీసేసింది. కమిటీతో కలిసి పనిచేయడం కష్టంగా ఉందని, సమానత్వానికి కట్టుబడే ఉన్నామని చెప్పింది. కానీ తమ ప్రతినిధిని అవతలివారు ఎంపిక చేస్తే అతడు ఎవరి తరఫున మాట్లాడతాడు? ఏప్రిల్‌లో వారసుల పక్షాన నిలిచిన సీనియర్ ఉద్యోగులను తొలగించారు. బానిసల నివాసాల తవ్వకాలను ఏళ్ల తరబడి నడిపిన పురావస్తు విభాగం అధిపతి కూడా వారిలో ఉన్నారు. ఎస్టేటు యజమాని అయిన జాతీయ చారిత్రక పరిరక్షణ ట్రస్టు మండలిని బహిరంగంగా తప్పుపట్టింది. చివరికి మే నెలలో, కమిటీ ఇచ్చిన జాబితా నుంచి మండలి 11 మందిని సభ్యులుగా ఎన్నుకుంది.

ఆ ఇంట్లో మాట తప్పడం అదే మొదటిసారి కాదు. 1836లో మరణించిన మాడిసన్ తన వీలునామాలో ఒక్క బానిసకూ విముక్తి ఇవ్వలేదు. అందరినీ భార్య డాలీకి రాసి, వారి సమ్మతి లేకుండా అమ్మవద్దన్న కోరిక మాత్రం చేర్చారు. అప్పుల్లో కూరుకుపోయిన డాలీ 1844లో ఎస్టేటునే అమ్మేశారు.

మాడిసన్‌కు చివరి ఘడియ వరకు సేవ చేసిన పాల్ జెన్నింగ్స్‌కు విముక్తి ఇస్తానని ఆమె 1841లో తన వీలునామాలో రాశారు. 1846లో ఆయనను 200 డాలర్లకు అమ్మేశారు. మరుసటి ఏడాది సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ 120 డాలర్లు చెల్లించి విడిపించారు. నెలకు 8 డాలర్ల లెక్కన పనిచేసి జెన్నింగ్స్ ఆ బాకీ తీర్చాలి.

డాలీ పేదరికంలో ఉన్న రోజుల్లో తన జేబులోంచి అప్పుడప్పుడు కొంత డబ్బు ఇచ్చానని జెన్నింగ్స్ 1865లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాశారు. మాడిసన్ చివరి ఉదయం ఎలా గడిచిందో చెబుతున్నదీ ఆ చిన్న పుస్తకమే.