ఎర్వాడి మంటల నుంచి మందుల చీటీ దాకా

మానసిక రోగులను గుళ్లకు, దర్గాలకు తీసుకెళ్లడంపై వాదన మళ్లీ మొదలైంది. అలాంటి చోట్లన్నీ మూసేయాలని కొందరు, నమ్మకాల జోలికి రావద్దని కొందరు పట్టుబడుతున్నారు. ఈ గొడవ అర్థం కావాలంటే 2001 ఆగస్టు 6 తెల్లవారుజాముకు వెళ్లాలి.

తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఎర్వాడి దర్గాకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. దర్గా నీళ్లు, అక్కడ వెలిగే దీపంలోని నూనె, అదే చికిత్స. కలలో దైవాజ్ఞ వస్తేనే రోగి ఇంటికి వెళ్లాలి. ఆ కల రెండు నెలలకు రావచ్చు, ఏళ్లు పట్టొచ్చు. కూలి మానుకుని అన్నాళ్లు పక్కన ఎవరుంటారు? అందుకే చుట్టూ రోగులను ఉంచుకునే ప్రైవేటు హోమ్‌లు వెలిశాయి. వాటిని పెట్టినవాళ్లలో చాలామంది తమవాళ్లకు నయం చేయించుకుందామని వచ్చినవాళ్లే. ఆ తెల్లవారుజామున ఒక హోమ్‌లోని పాకకు నిప్పంటుకుంది. లోపల చాలామంది గొలుసులతో కట్టేసి ఉన్నారు. కట్లు వదులుగా ఉన్న కొందరు బయటపడ్డారు. 28 మంది చనిపోయారు.

ఆగస్టు 13కల్లా అలాంటి హోమ్‌లన్నీ మూతపడ్డాయి. అందులోని 500 మందికి పైగా ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండాలని 2002లో చెప్పింది. ఆ ఒక్కటి కూడా లేని రాష్ట్రాలు అప్పటికీ ఉన్నాయి. ఆ కుటుంబాలను మూఢులని తిట్టేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని తేల్చి చెప్పింది. ఇందులో బేరం లేదు, ఉండకూడదు. అయినా 2019లో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూఁలో అదే పని జరుగుతోందన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వచ్చింది.

ఎర్వాడి కోపంలో ఒక పరిశోధన మరుగున పడింది. తమిళనాడులోనే ఒక గుడిలో ఉన్న 31 మంది రోగులను వైద్యులు పరిశీలించి, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ప్రత్యేకమైన వైద్యపు తంతు ఏదీ లేదు. పొద్దున చిన్న పూజ, గుడి ఊడవడం, మొక్కలకు నీళ్లు పోయడం. సగటున ఆరు వారాల్లో లక్షణాల తీవ్రత సుమారు 20 శాతం తగ్గింది. 31 మందితో అంతా తేల్చేయలేం, మందులు మానేయమని చెప్పడానికి ఇది ఆధారమూ కాదు. కానీ తిట్టకుండా, కొట్టకుండా, నలుగురిలో ఒకరిగా చూస్తే మనిషి కొంత కుదుటపడతాడని మాత్రం తెలుస్తోంది.

గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో 2008లో మొదలైన ‘దవా–దువా’ (మందు–ప్రార్థన) కార్యక్రమం నడిచింది ఈ దారిలోనే. ‘గాలి సోకింది’ అంటూ వచ్చినవాళ్లతో అక్కడ ఎవరూ వాదించరు. దర్గా సేవకుడైన ముజావర్ ముందు దువా చేస్తాడు. ఆ తర్వాత, దర్గాలోనే డాక్టర్ ఉన్నారు, ఆయనకూ చూపించుకోమంటాడు. డాక్టర్ మాట వినని కుటుంబం ముజావర్ మాట వింటుంది. మందులు మొదలవుతాయి, దువా ఆగదు.

తర్వాత ఆ పద్ధతి ఎర్వాడికీ వచ్చింది.